పికప్పా, మైలేజీనా?

మా నాన్న స్కూటరును సర్వీసుకిచ్చినప్పుడల్లా మెకానిక్కు ఒకటే ప్రశ్న వేసేవాడు. "పికప్ పెట్టమంటారా సార్, మైలేజీ పెట్టమంటారా?" నాన్న తన జీతం గుర్తు తెచ్చుకుని "మైలేజీయే పెట్టు బాబూ" అనేవారు. అతను కార్బురేటరు మీదికి వంగి, చిన్న స్క్రూను పావు చుట్టు తిప్పి, చెవి రిక్కించి విని, కాస్త వెనక్కి తిప్పి లేచేవాడు. పది రోజులు తిరక్కుండానే, వెనక సీట్లో అమ్మ, ముందు నేను నిలబడి ఉండగా, రైల్వే బ్రిడ్జి సగంలో బండి మిస్సింగ్ కొట్టేది. మళ్లీ అదే షెడ్డు, అదే స్క్రూ. ఈసారి తిప్పుడు రెండోవైపు.

పెట్రోలు బండి నడిపే ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వస్తుంది. పికప్పూ మైలేజీ ఎందుకిలా పోట్లాడుకుంటాయి? పెట్రోలు ఎక్కువ పోస్తే బలం పెరిగే మాటే నిజమైతే, ఇంకా ఎక్కువ పోస్తే ఇంకా పెరగాలి కదా? పెరగదు. ఒక హద్దు దాటాక సైలెన్సరు నల్లపొగ కక్కుతుంది, బండి మూలుగుతుంది. ఆ హద్దు ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే ట్యూనింగు.

ఇంజను కడుపు నిండేది గాలితో

ఇంజనును మనం పెట్రోలు తాగే జంతువు అనుకుంటాం. తూకం వేసి చూస్తే అది గాలి మేసే జంతువు. పెట్రోలులో ఉండేవి ముఖ్యంగా కార్బనూ హైడ్రోజనూ. అవి మిగలకుండా కాలి కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా మారాలంటే ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలిలో మనకు పనికొచ్చే ఆక్సిజను బరువు ప్రకారం 23 శాతమే కాబట్టి ఇంత గాలి పడుతోంది. పెట్రోలూ మిగలకుండా, ఆక్సిజనూ మిగలకుండా ఉండే ఈ 14.7 పాళ్లను సరితూకం అందాం. అంతకన్నా పెట్రోలు ఎక్కువైతే చిక్కని మిశ్రమం, తక్కువైతే పలచని మిశ్రమం. షెడ్డులో వీటినే రిచ్ అనీ లీన్ అనీ అంటారు.

లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. దానికి కావలసిన గాలి పదకొండు కిలోలు, అంటే దాదాపు 9,000 లీటర్లు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలోని గాలినంతా మూడు లీటర్ల పెట్రోలు ఖాళీ చేసేస్తుందన్నమాట. విజయవాడ నుంచి హైదరాబాదు వచ్చేసరికి ఒక చిన్నకారు ఎన్ని గదుల గాలిని మింగుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇదే లెక్కను సిలిండరు లోపలికి తీసుకెళ్దాం. 1200 సీసీ కారులో నాలుగు సిలిండర్లుంటే ఒక్కోదానిలో పట్టేది 300 సీసీల గాలి, బరువు మూడో వంతు గ్రాముకు కాస్త ఎక్కువ. దానికి సరిపోయే పెట్రోలు 25 మిల్లీగ్రాములు. కంట్లో వేసుకునే మందు చుక్క ఉంటుందే, దానిలో మూడింట రెండు వంతులు! ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరు సెకనుకు 50 సార్లు ఈ గుటక వేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ చుక్కను రెండు చుక్కలు చేయడం ఎంతసేపు? మూడు చేయడం కూడా కష్టం కాదు. కానీ 300 సీసీల డబ్బాలో 600 సీసీల గాలి మామూలుగా పట్టదు. టర్బో పెట్టి కుక్కితే తప్ప. కరువు గాలికే గానీ పెట్రోలుకు కాదు. కట్టెల పొయ్యి మీద వండిన ఏ ఇల్లాలికైనా ఇది తెలిసిన విషయమే. మంట తగ్గితే ఆమె ఇంకో నాలుగు కట్టెలు కుక్కదు. కుక్కితే ఇల్లంతా పొగ. ఊదుడుగొట్టం అందుకుని ఊదుతుంది. మన యాక్సిలరేటరు కూడా అంతే. పెట్రోలు ఇంజనులో అది తెరిచేది గాలి తలుపును. పెట్రోలు గాలి వెంట వస్తుంది.

బంతి భోజనం

కరువు ఆక్సిజనుకు కాబట్టి, బలం కావాలంటే సిలిండరులోకి వచ్చిన ఆక్సిజనులో ఒక్క అణువు కూడా ఖాళీగా బయటికి పోకూడదు. అలాంటప్పుడు సరితూకమే అన్నిటికన్నా గొప్ప మిశ్రమం కావాలి కదా? కాగితం మీద అవును. ఇంజనులో కాదు. ఎందుకో తెలియాలంటే ఓ పెళ్లి భోజనానికి వెళ్లాలి.

పందిట్లో బంతికి వందమంది కూర్చున్నారు. వడ్డించేవాళ్ల దగ్గర లెక్కపెట్టి సరిగ్గా వంద గారెలున్నాయి. బంతి లేచే లోపు ప్రతి విస్తట్లోనూ ఒక గారె పడుతుందా? పడదు. ఒక వరసలో ఎవరికో రెండు పడతాయి, స్తంభం పక్కన కూర్చున్నాయన అరిచి గీపెట్టినా గిన్నె అటు పోదు. చివరికి గిన్నెలో నాలుగు గారెలు మిగులుతాయి, బంతిలో నలుగురు ఖాళీ విస్తట్లో వేలు పెట్టుకుని ఉంటారు. పెళ్లివారి పరువు దక్కాలంటే దారి ఒక్కటే, నూట పదిహేను గారెలు వండించడం. కొన్ని పారేయాల్సి వస్తుంది. కానీ ఖాళీ విస్తరి ఉండదు.

ఆ విస్తళ్లు ఆక్సిజను, గారెలు పెట్రోలు. సిలిండరులో బంతి ఎంతసేపు సాగుతుందనుకున్నారు? మంట ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకడానికి సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో. అంత తొందరలో పెట్రోలు ఆవిరి గాలిలో సమంగా కలవదు. అందుకని బలం శిఖరానికి చేరేది సరితూకం దగ్గర కాదు, దానికంటే చిక్కగా ఉన్న చోట. కిలో పెట్రోలుకు 12.5 నుంచి 13.2 కిలోల గాలి ఉన్నప్పుడు. సరితూకంతో పోలిస్తే పెట్రోలు పదీ పదిహేను శాతం ఎక్కువ.

వడ్డన ఒక్కటే కారణం కాదు. ఆ మంట వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది. అంత వేడిలో అప్పుడే పుట్టిన కార్బన్ డయాక్సైడు కూడా నిలకడగా ఉండలేదు. అందులో కొంత మళ్లీ విరిగి కార్బన్ మోనాక్సైడుగా, ఆక్సిజనుగా విడిపోతుంది. అంటే తిని లేచినవాళ్లలో కొందరు మళ్లీ ఆకలేసి వచ్చి కూర్చుంటున్నారు! వాళ్లకి కూడా వడ్డించాలంటే గిన్నెలో ఇంకాస్త ఉండాలి. పైగా చిక్కని మిశ్రమంలో మంట అన్నిటికన్నా వేగంగా పాకుతుంది. పిస్టన్ పై అంచున ఉండగానే ఒత్తిడి పెరిగిపోతే ఆ తోపు పూర్తిగా చక్రానికి చేరుతుంది. ఆలస్యమైతే పిస్టన్ దిగిపోతూ ఉంటుంది, మంట దాని వెనక పరిగెత్తుతూ ఉంటుంది.

ఇంకొకటి ఉంది. చేతి మీద పెట్రోలు చుక్క పడితే చల్లగా అనిపిస్తుంది కదా, ఆవిరయ్యేది ఏదైనా చుట్టుపక్కల వేడిని పీల్చేస్తుంది. వేసవిలో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లడంలోని కిటుకు ఇదే. అదనంగా వచ్చిన పెట్రోలు కాలకపోయినా, ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది. చల్లని గాలి చిక్కన, కాబట్టి అదే డబ్బాలో కాస్త ఎక్కువ పడుతుంది.

ఇన్ని లాభాలూ కలిపితే దక్కేదెంత? సరితూకం నుంచి ఈ శిఖరానికి ఎక్కితే బలం పెరిగేది సుమారుగా మూడు నుంచి ఐదు శాతం. పెట్రోలు పదిహేను శాతం పోసి బలం నాలుగు శాతం కొనుక్కోవడం. లెక్క తెలిసిన షావుకారు ఎవడూ ఒప్పుకోని బేరం. రేసులోవాడు మాత్రం కళ్లు మూసుకుని ఒప్పుకుంటాడు.

మైలేజీ కోరేవాడి పెళ్లి వేరు. వాడికి గారెలు ఖరీదు, విస్తళ్లు చవక. ఒక్క గారె వృథా కాకూడదంటే వంద గారెలకు నూట పదిమందిని కూర్చోబెట్టాలి. అందుకే పొదుపు శిఖరం సరితూకానికి అవతలి పక్క, 15.5, 16 పాళ్ల దగ్గర పలచని వైపున ఉంటుంది. పికప్పూ మైలేజీ పోట్లాడుకోవు, అవి రెండు వేరు వేరు ఊళ్లు. మా నాన్న స్కూటరు ఆ రెండు ఊళ్ల మధ్య తిరుగుతూ ఉండేది.

ఈ పొదుపు ఊరి దారి యుద్ధంలో కూడా పనికొచ్చింది. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ 1944లో పసిఫిక్ యుద్ధరంగంలో అమెరికా పీ-38 విమానాల పైలట్ల దగ్గరకు వెళ్లాడు. ఇంజను చుట్లు తగ్గించి, గాలి ఒత్తిడి పెంచి, మిశ్రమాన్ని పలచన చేసి నడిపితే అదే ట్యాంకుతో చాలా దూరం పోయి రావచ్చని చూపించాడు. ఇంజన్లు పాడవుతాయని పైలట్లు మొదట భయపడ్డారు. అతని వెంట ఎగిరి, తమకంటే అతని ట్యాంకులో ఎక్కువ మిగలడం చూశాక నమ్మారు.

కొండకు రెండు వాలులు

బలం శిఖరం అన్నాను గానీ దాన్ని సూదిమొనలా ఊహించుకోవద్దు. పైన చదునుగా, ఒక పెద్ద బండరాయిలా ఉంటుంది. 12.5 దగ్గరైనా 13.2 దగ్గరైనా బలంలో తేడా ఒక శాతం లోపే. కానీ రెండు వాలులూ ఒకలాంటివి కావు. చిక్కని వైపు దిగుడు మెల్లగా ఉంటుంది. ఎక్కువ పోస్తే బలం కొద్దికొద్దిగా తగ్గుతుంది, ప్లగ్ నల్లబడుతుంది, పొగ వస్తుంది, జేబు ఖాళీ అవుతుంది. పలచని వైపు దిగుడు నిటారు. మంట నత్తనడక నడుస్తుంది, ఒక్కో గుటకలో అసలు అంటుకోదు. మా స్కూటరు బ్రిడ్జి మీద కొట్టిన మిస్సింగ్ అదే.

"మిశ్రమం పలచనైతే ఇంజను వేడెక్కుతుంది" అని షెడ్డులో అనే మాట సగమే నిజం. సైలెన్సరులోకి పోయే వాయువుల వేడి అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది సరితూకం చుట్టుపక్కల. అక్కడి నుంచి ఇంకా పలచన చేస్తే వేడి మళ్లీ తగ్గుతుంది. కానీ పూర్తి బలంతో లాగుతున్న ఇంజనును 12.8 నుంచి పలచన చేసుకుంటూ వస్తే ఆ చల్లని చోటికి చేరేలోపు దారిలో వేడి కొండ అడ్డం వస్తుంది. చిన్న విమానాలు నడిపేవాళ్లకి ఇది బాగా తెలుసు. వాళ్ల చేతి దగ్గర మిశ్రమానికి ఒక ఎర్ర మీట ఉంటుంది. దాన్ని వెనక్కి లాగుతూ వాయువుల వేడి ఎక్కడ అత్యధికమో చూసుకుని, అక్కడి నుంచి చిక్కని వైపుకు యాభై అరవై డిగ్రీలు తగ్గేదాకా తోస్తారు. ఎక్కువ బలం అక్కడ దొరుకుతుంది.

వేడి కొండ మీద పొంచి ఉన్న దొంగ పేరు నాకింగ్. మామూలుగా మంట ప్లగ్ దగ్గర మొదలై మతాబులా వరసగా కాలుకుంటూ పోతుంది. వేడీ ఒత్తిడీ మితిమీరితే, మంట ఇంకా చేరని మూలలో మిగిలిన మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా పేలుతుంది. లక్ష్మీబాంబు. గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు టకటకమని వినిపించేది అదే.

ఇక్కడొక వింత చెప్పాలి. పిస్టన్‌ను అల్యూమినియం మిశ్రలోహంతో చేస్తారు. 600 డిగ్రీలకు అటూ ఇటూగా కరిగిపోయే లోహం అది. 2,000 డిగ్రీల మంట పక్కన ఎలా బతుకుతోంది? మంట తగిలేది క్షణకాలమే, ఆ వేడిని నూనే, రింగులూ ఎప్పటికప్పుడు లాగేసుకుంటాయి. పైగా పిస్టన్ ఒంటిని అంటుకుని కదలని వాయువు పొర ఒకటి కంబళిలా కాపాడుతుంది. నాకింగులో పుట్టే ఒత్తిడి కెరటాలు ఆ కంబళిని లాగి పారేస్తాయి. కొంతసేపు అలాగే లాగిస్తే పిస్టన్ నడినెత్తిన చిల్లి పడుతుంది. నల్లపొగకు మందు ఉంది, చిల్లికి లేదు. బలం కోసం ట్యూన్ చేసే వాళ్లంతా తప్పు చేయాల్సివస్తే చిక్కని వైపే తప్పు చేస్తారు.

చెవితో, కంటితో, ముక్కుతో

కార్బురేటరు చేసే పని దోమల మందు కొట్టే పాత ఫ్లిట్ పంపు లాంటిదే. ఇరుకు గొంతులో గాలి వేగంగా పోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గి, కింది తొట్టిలోని పెట్రోలు సన్నని రంధ్రం గుండా పైకి ఎగజిమ్ముతుంది. 1893లో హంగరీలో బాంకీ, చోంకా అనే ఇద్దరూ, జర్మనీలో మేబాహ్ ఇంచుమించు ఒకేసారి ఈ ఉపాయం పట్టారు. నూరేళ్ల పాటు ప్రపంచమంతా దాని మీదే నడిచింది.

మెకానిక్కు తిప్పే స్క్రూ గురించి ఒక నిజం చెప్పాలి. అది మార్చేది స్లో స్పీడులో, యాక్సిలరేటరు కొద్దిగా తిప్పినప్పుడు వచ్చే మిశ్రమాన్ని మాత్రమే. సగం తిప్పుడు దగ్గర పెత్తనం బైకుల కార్బురేటరులో సూదిది. దాని లాకును ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు పెత్తనమంతా మెయిన్ జెట్ అనే ఇత్తడి ముక్కది. కాబట్టి బ్రిడ్జి ఎక్కడానికీ ఆ స్క్రూకూ సంబంధం తక్కువ. మా మెకానిక్కు మాకు చెప్పకుండా జెట్టు కూడా మార్చేవాడని ఇప్పుడు అనిపిస్తోంది. ఇంకో తిరకాసు, కొన్ని బండ్లలో ఆ స్క్రూ గాలిది, కొన్నిట్లో పెట్రోలుది. ఒకదాన్ని విప్పితే పలచన, రెండోదాన్ని విప్పితే చిక్కన. వీడియో చూసి సొంతంగా తిప్పేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

అయినా అతని చెవి గొప్పది. స్క్రూ తిప్పుతూ ఇంజను చప్పుడు ఎక్కడ హెచ్చుతుందో వింటాడు. స్లో స్పీడులో చుట్లు పెరిగాయంటే బలం పెరిగిందని అర్థం. అంటే ఆ కొండకే ఒక బుల్లి నమూనాను చెవితో ఎక్కి, శిఖరం దాటాక దిగుడు తెలిసి, వెనక్కి వస్తున్నాడన్నమాట. పికప్ అడిగినవాడికి చిక్కని వైపు ఆపుతాడు, మైలేజీ అడిగినవాడికి పలచని వైపు. ఆ తర్వాత ప్లగ్ విప్పి చూస్తాడు. లేత ఇటుక రంగుంటే కుదిరినట్టు, మసి పట్టి ఉంటే చిక్కన, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే ప్రమాదం.

చెవికీ కంటికీ అందనిది ముక్కుకు అందుతుంది. 1976లో వోల్వో కార్లలో బాష్ కంపెనీ సెన్సరు ఒకటి వచ్చింది. సైలెన్సరు గొట్టంలో దూర్చిన జిర్కోనియా పింగాణి ముక్క అది. 300 డిగ్రీలు దాటి వేడెక్కాక, బయటి గాలిలోని ఆక్సిజనుకూ పొగలోని ఆక్సిజనుకూ తేడాను బట్టి చిన్న విద్యుత్తును పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజను లేదంటే 0.8 వోల్టులు దాటుతుంది, మిగిలి ఉంటే 0.1 దగ్గరకు పడిపోతుంది. ఆ సంకేతం చూసి కంప్యూటరు పెట్రోలును ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చేస్తూ సరితూకం చుట్టూ ఉయ్యాల ఊగుతుంది. పొగలోని విషాలను విరగ్గొట్టే కేటలిటిక్ కన్వర్టరు పని చేసేది ఆ సన్నని గట్టు మీదే. మన కార్లు 2000 ప్రాంతంలో కార్బురేటరును వదిలేశాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక బైకులు, స్కూటర్లు కూడా దాదాపు అన్నీ వదిలేశాయి.

ఈ ముక్కు లేని పాత బండ్లకు ఇప్పుడొక కొత్త చిక్కు, పెట్రోలులో కలుపుతున్న ఇథనాలు. ఇథనాలులో ముందే ఆక్సిజను ఉంటుంది కాబట్టి కిలోకు 9 కిలోల గాలి చాలు. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలుకు సరితూకం 14.7 కాదు, సుమారు 13.5. పాత పెట్రోలుకు కుదిర్చిన కార్బురేటరు ఆ సంగతి ఎరగదు. అదే పాళ్లలో పోస్తుంది, మిశ్రమం ఏడెనిమిది శాతం పలచనవుతుంది. అందుకే ట్యూనింగు చేసేవాళ్లు కిలోల లెక్కతో పాటు లాంబ్డా అనే లెక్క కూడా పట్టుకున్నారు. ఏ ఇంధనమైనా సరితూకం 1. ఎక్కువ బలం 0.86 నుంచి 0.9.

రోలర్ల మీద

కొండ శిఖరాన్ని చెవితో కాక అంకెలతో వెతికే చోటు డైనో. మన దేశంలో రేసు బండ్ల పని ఎక్కువగా చెన్నై, కోయంబత్తూరు చుట్టుపక్కల షెడ్లలో జరుగుతుంది. కారును పట్టీలతో బిగించి చక్రాలను రోలర్ల మీద పెడతారు, ముందు పెద్ద ఫ్యాను, గొట్టంలో అన్ని పాళ్లనూ అంకెల్లో చూపే మెరుగైన సెన్సరు. నాలుగో గేరు, యాక్సిలరేటరు అడుగంటా. పది పదిహేను సెకన్లలో 2000 చుట్ల నుంచి 6500 దాకా ఒక లాగుడు. రోలరు మీద పడిన బలం తెర మీద గీతగా వస్తుంది.

మొదలుపెట్టేది కావాలని చిక్కగా, 12 లోపల. ఒక్కో లాగుడుకు పెట్రోలు రెండు మూడు శాతం తగ్గిస్తారు. గీత కొంచెం లేస్తుంది, మళ్లీ కొంచెం. తర్వాతి లాగుడుకు లేవదు. చదును బండ మీదికి వచ్చారన్నమాట. ఇక్కడ ఆత్రగాడు ఇంకో అడుగు వేసి చూస్తాడు. అనుభవం ఉన్నవాడు ఆగి, స్పార్కు సమయాన్ని సర్దుతాడు, ఎందుకంటే మిశ్రమం మారితే మంట వేగం మారింది, అంటించాల్సిన క్షణమూ మారింది. చెవులకు హెడ్‌ఫోన్లు, వాటి తీగ ఇంజను దిమ్మెకు బిగించి ఉంటుంది. డాక్టరు గుండె విన్నట్టు నాకింగు కోసం వింటూ ఉంటాడు. మంట వేగానికి లెక్కలు ఎన్ని ఉన్నా చివరికి చెవి దగ్గరికే వచ్చామని నాకు ఇది చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

13.0 దగ్గరా 12.6 దగ్గరా గీత ఒక్కటే వచ్చిందనుకోండి. అతను కారు కంప్యూటరులోని పాళ్ల పట్టిక గళ్లలో రాసేది 12.6. టర్బో ఉన్న కారైతే 11.8కి కూడా దిగుతాడు. ఫ్యాను గాలిలో, ఏసీ షెడ్డులో వచ్చిన అంకె మే నెల మధ్యాహ్నం నలుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కేటప్పుడు నిలబడాలి. బంకులో పోసిన పెట్రోలు ఎలాంటిదో తెలియకపోయినా నిలబడాలి. రెండు బిందువుల దగ్గరా బలం ఒకటే అయినప్పుడు, ఒకటి నిటారు వాలుకు దగ్గర, ఇంకోటి దూరం.

పట్టీలు విప్పుతారు. కారు గేటు దాటి ట్రాఫిక్కులో పడి, యాక్సిలరేటరు మీద కాలు తేలికపడగానే కంప్యూటరు ఆ గళ్లను పక్కనపెట్టేస్తుంది. సెన్సరు మళ్లీ సరితూకం చుట్టూ ఉయ్యాల ఊగడం మొదలుపెడుతుంది. ఎదురుగా ఎర్రలైటు పడింది.